పదమూడో గజం

గీత వంకర పోతే లైల్ ఓస్టర్‌మన్ ఓర్చుకోలేడు. బెల్ క్రీక్ హైస్కూలు మైదానంలో ముప్పై నాలుగేళ్ళుగా గీతలు గీస్తున్నది అతనే. గడ్డి కోసి, రెండు మేకుల మధ్య తాడు బిగించి, ఆ తాడు వెంబడే రంగు బండి తోసుకుంటూ పోతాడు. వెనక్కి తిరిగి చూడడు. తాడు సరిగ్గా కడితే చూడనక్కర్లేదంటాడు. శుక్రవారం సాయంత్రాలు ఆటకి వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చోగానే ముందు ఆ తెల్లగీతల్ని చూసి, లైల్ తాడు కడితే దేవుడు కూడా వంకర నడవలేడని నవ్వుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే లైల్ టోపీ కిందికి లాక్కునేవాడు, సంతోషం కనపడకుండా.

ఒహాయో పడమటి వైపున్న ఆ ఊరికి ఆట అంటే ఫుట్‌బాల్. కాలితో తన్నేది కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తేది, అడ్డమొచ్చినవాణ్ణి గుద్ది పడేసేది. లైల్ కూడా కుర్రతనంలో ఆడాడు. మోకాలు విరిగి ఆట పోయింది, మైదానం మాత్రం చేతికి మిగిలింది. కాలితో తన్నేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. అప్పట్లో ఆ మాట అంటుంటేనే మూతి ఒక పక్కకి పోయేది.

ముఖ్యంగా డచ్ మూతి. ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైన డచ్, లైల్ చిన్నప్పటి స్నేహితుడు. మెయిన్ రోడ్డు మీద కాఫీ హోటల్లో పొద్దున్నే కిటికీ పక్క బల్ల వాళ్ళిద్దరిదే. "తొంభై నిమిషాలు పరిగెత్తి, చివరికి సున్నా సున్నా అని చేతులు కలుపుకుని ఇంటికెళ్ళేవాళ్ళని ఏమనాలిరా?" అనేవాడు డచ్. లైల్ నవ్వేవాడు. నవ్వడమే కాదు, తనూ ఒకటి కలిపేవాడు.

ఊరు మారింది. ఎప్పుడు మారిందని అడిగితే ఎవరూ చెప్పలేరు. గుడ్ల ఫ్యాక్టరీలో పనికి గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్ళు ఆదివారం చర్చి అయ్యాక దాని వెనక ఖాళీ స్థలంలో ఆడుకునేవాళ్ళు. తరవాత వాళ్ళ పిల్లలు బడికొచ్చారు. ఆ తరవాత ఊరి పిల్లలూ కలిశారు. ఫుట్‌బాల్‌లో తలకి దెబ్బలు తగులుతున్నాయని తల్లులు భయపడి చిన్నపిల్లల్ని సాకర్‌లో చేర్చారు. ఆడవాళ్ళ ప్రపంచ కప్పు జరిగిన వేసవిలో కాఫీ హోటల్లో టీవీ మార్చమని ఎవరో అడిగితే, ఎవరూ కాదనలేదు. చూస్తూ చూస్తూ డచ్ శనివారం పొద్దున్నే లేచి ఇంగ్లండు ఆటలు చూడ్డం మొదలెట్టాడు. సముద్రం అవతల ఎక్కడో ఉన్న జట్టు కండువా మెళ్ళో వేసుకుని చర్చికి కూడా వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో రెండుసార్లు దానివైపు చూశారట.

"సున్నా సున్నా సంగతేంటిరా?" అని లైల్ అడిగితే, "ఆ సున్నా కాపాడుకోడానికి ఎంత చెమటోడ్చాలో నీకేం తెలుసు" అన్నాడు డచ్, సిగ్గు లేకుండా.

లైల్ కూడా చూశాడు. చూడగా చూడగా అతనికీ పట్టుకుంది. మంగళవారాలు బస్సుల షెడ్డు వెనక ఎగుడుదిగుడు నేల మీద ఆడపిల్లలు ఆడుతుంటే కంచె దగ్గర నిలబడేవాడు. ఒకప్పుడు అక్కడ పది కార్లు ఆగితే గొప్ప. ఇప్పుడు రోడ్డు మలుపు దాకా కార్లే. నిరుడు బడి పెద్దలు ఆ ఎగుడుదిగుడు నేలని చదును చేయించి, సాకర్‌కే ఒక మైదానం కట్టాలని తీర్మానించారు. ఆగస్టులో మొదటి ఆట. గీతలు లైల్ గీయాలి.

జూలై చివర ఒక పొద్దున ఆడపిల్లల జట్టు కోచ్ అతని షెడ్డుకి వచ్చింది. పేరు నొయేమీ. ఫ్యాక్టరీలో పనిచేసే సెలెస్తీనో కూతురు. అదే బడిలో చదువుకుని, కాలేజీలో ఆడి, తిరిగొచ్చి అక్కడే లెక్కలు చెబుతోంది. చేతిలో మడతపెట్టిన కాగితం.

"కొలతలు, మిస్టర్ లైల్. అన్నీ రాశాను," అంది. తరవాత కాస్త ఆగి, "ఇంకోటి. మొదటి రోజు ఆటకి ముందు మైకులో మీ పేరు పిలుస్తారు, మధ్యలోకి రావాలి. నేనే చెప్పాను వాళ్ళకి. మా ఆట కోసం పెద్ద ఫుట్‌బాల్ మైదానంలో గీతలు గీసిన మొదటి మనిషి మీరేనని."

లైల్ టోపీ లాక్కున్నాడు. ఆమె వెళ్ళాక కాగితం విప్పి కళ్ళజోడు పెట్టుకున్నాడు. పొడవు, వెడల్పు, మధ్య వలయం. గోల్ ముందు పెనాల్టీ చుక్క, అవతలివాళ్ళ తప్పుకి బంతి పెట్టి కొట్టే చోటు. దాని పక్కన, లెక్కల మేడం అక్షరాలతో గుండ్రంగా: గోల్ గీత నుంచి పన్నెండు గజాలు.

పన్నెండు. ఆ అంకె టీవీలో వందసార్లు విన్నాడు. అయినా ఇప్పుడు చేతిలో కాగితం ఉండగా చూస్తే, ఇంకో కాగితం గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళ కింద ఇలాగే ఒకాయన కాగితం తెచ్చాడు. పీట్రీ మాస్టారు, జీవశాస్త్రం చెప్పేవాడు, ఖాళీ సమయంలో ఆడపిల్లలకి సాకర్ నేర్పేవాడు. ఆ ఏడు వాళ్ళు జిల్లా పోటీల్లో ఎవరూ అనుకోనంత దూరం వచ్చారు. ఆ స్థాయి ఆట ఎగుడుదిగుడు నేల మీద పనికిరాదని, ఒక్కరోజుకి పెద్ద మైదానం ఇవ్వక తప్పలేదు. శుక్రవారం ఫుట్‌బాల్ ఉంది, గడ్డి పాడవుతుందని లైల్ రెండు రోజులు గొణిగాడు. పీట్రీ మాస్టారు ఇచ్చిన కాగితాన్ని విప్పకుండానే నాలుగు మడతలు పెట్టి, షెడ్డులో కుంటుతున్న బల్ల కాలికింద దోపాడు. పెద్ద గీతలు మాస్టారే పిల్లలతో తాడు పట్టించి చూపించాడు. చుక్క ఒక్కటే మిగిలింది. మాస్టారు క్లాసుకి వెళ్ళిపోయాడు.

ఫుట్‌బాల్ మైదానంలో రెండు చివర్లా గోల్ గీత ఉంటుంది, దాని వెనక పది గజాలకి ఆఖరి గీత. గోల్ గీతకి ఇవతల మూడు గజాల దగ్గర, సరిగ్గా నడిమధ్య, జానెడు అడ్డగీత ఒకటి ఉంటుంది. అదనపు పాయింటుకి బంతి పెట్టే చోటు. లైల్ దాన్ని ప్రతివారం కళ్ళు మూసుకుని గీసేవాడు. సాకర్ గోల్ పోస్టులు ఆఖరి గీత మీద నిలబెట్టి ఉన్నాయి, సాకర్‌కి అదే గోల్ గీత. వాటి ఎదురుగా, నడిమధ్య, గుర్తు ఎలాగూ ఉండనే ఉంది. ఇంకోటెందుకు. దాని మీదే ఇంత పసుపు రంగు చల్లి చుక్క అనిపించాడు.

పది, మూడు. పదమూడు.

లైల్ టేపు తీసుకుని పెద్ద మైదానానికి నడిచాడు. అవసరం లేదు, లెక్క తెలిసిపోయింది. అయినా మోకాలు నొప్పి పెడుతున్నా వంగి ఆఖరి గీత దగ్గర మేకు దిగ్గొట్టి, టేపు లాగాడు. టేపు అబద్ధం చెప్పలేదు.

ఆ రోజు ఆట అతనికి సరిగా గుర్తులేదు, ఎందుకంటే చూడలేదు. షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని రేడియో వింటున్నాడు. చివరికొచ్చేసరికి మెట్ల మీద కేకలు విని తలెత్తాడు. బెల్ క్రీక్ ఒక గోల్ వెనకబడి ఉంది. పెనాల్టీ వచ్చింది. పదిహేడేళ్ళ నొయేమీ బంతి పెట్టింది. ఆట నడిపే రిఫరీ వేరే ఊరివాడు, రంగు ఎక్కడుందో చూసి తలాడించాడు. ఆ పిల్ల కొట్టింది. బంతి మూలకే వెళ్ళింది కానీ ఆఖర్న వేగం తగ్గింది. గోల్‌కీపరు పక్కకి పడి వేళ్ళతో తోసేసింది. బంతి ఒక్క క్షణం ముందొచ్చి ఉంటే ఆ వేళ్ళు అందేవి కావు. ఆట అయిపోయింది. పిల్ల చుక్క మీదే కూర్చుండిపోయింది.

తరవాత జరిగిందే ఇప్పుడు లైల్‌ని మైదానం మధ్య నిలబెట్టేసింది. జనం వెళ్ళిపోతుంటే ఫ్యాక్టరీ బూట్లతోనే ఒక మనిషి కంచె దాటి లోపలికొచ్చాడు. గోల్ దగ్గర నుంచి చుక్క దాకా పొడుగు అడుగులు వేసుకుంటూ, పెదాలు కదుపుతూ నడిచాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచాడు. లైల్‌కి అతనికేదో పిచ్చి అనిపించింది. శుక్రవారం ఆట గుర్తొచ్చింది.

"ఏయ్, గడ్డి మీంచి దిగు," అని అరిచాడు. చేత్తో తోలినట్టు విదిలించాడు కూడా, కోడిని తోలినట్టు. పిల్ల లేచొచ్చి తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

మర్నాడు హోటల్లో డచ్ ఆట సంగతి ఎత్తితే, "బంతి వెళ్ళేలోపే ఆ పిల్ల కాలికి నిద్రొచ్చింది" అన్నది లైలే. బల్లంతా నవ్వింది. ఆ ముక్క వారం రోజులు ఊళ్ళో తిరిగింది. తనదేనని అతను కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆ రాత్రి భోజనం దగ్గర భార్య ఆర్లీన్‌తో అంతా చెప్పాడు. ఆమె ఫోర్కు కింద పెట్టలేదు. పన్నెండేళ్ళయిందని, గోల్ రెండు వైపులా అదే దూరం కాబట్టి అవతలివాళ్ళకి పెనాల్టీ వచ్చినా అంతేనని, అసలు చూసుకోవాల్సింది ఆట నడిపేవాడేనని వరసగా చెప్పింది. లైల్ ఆ మాటలన్నీ తనకి తనే మధ్యాహ్నం చెప్పుకున్నాడు. ఒక్కటీ నిలబడలేదు.

"నువ్వు నోరు విప్పకపోతే ఈ లోకంలో ఎవరికీ తెలీదు," అంది ఆర్లీన్ చివరికి. అతని ముఖం చూసి, "అదేలే నీ బాధ," అంది.

రెండు వారాలు అతను నోరు విప్పలేదు. కొత్త మైదానంలో గడ్డి తడుపుతూ, నొయేమీ కనపడితే గొట్టం అటు తిప్పుకునేవాడు. బడి వాళ్ళు అచ్చేసిన ఆహ్వానంలో తన పేరు చూసి, దాన్ని టూల్‌బాక్సు అడుగున పెట్టాడు. ఎవరైనా ఎదురై శుభాకాంక్షలు చెబితే బూట్ల వైపు చూసేవాడు. ఆ బూట్లకి తెల్లరంగు ఎప్పుడూ అంటుకునే ఉంటుంది.

చెప్పించింది నొయేమీ మాటే. మొదటి ఆటకి ఐదు రోజులుందనగా, సాధన అయ్యాక నొయేమీ పిల్లల్ని గడ్డి మీద కూర్చోబెట్టుకుంది. లైల్ మూల జెండాల గుంతలు తవ్వుతున్నాడు. ఆమె వాళ్ళకి తన పెనాల్టీ కథ చెబుతోంది. ప్రతి ఏడూ చెబుతుందట. ఒక పిల్ల, "అందరూ నవ్వారట కదా మేడం?" అని అడిగింది.

"నవ్వారు. నా కాలికి నిద్రొచ్చిందన్నారు," అంది నొయేమీ, తనూ నవ్వుతూ. "అదీ నిజమే. వేల సార్లు అదే దూరం నుంచి కొట్టాను, గుడ్డిగా కొట్టినా వెళ్ళేది. ఆ రోజు భయపడ్డాను. భయపడితే కాలు పొట్టిదైపోతుంది. మీరు నాలా భయపడకండి, అంతే."

లైల్ చేతిలో పార కిందికి దిగలేదు. ఇన్నేళ్ళుగా ఈ పిల్ల తన పిరికితనం అని పిల్లలకి పాఠం చెబుతున్నది అతని బద్ధకాన్ని.

పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె బంతులు సంచిలో వేస్తోంది. లైల్ టోపీ తీసి దగ్గరికి వెళ్ళాడు. ఆమె అతన్ని టోపీ లేకుండా ఎప్పుడూ చూసి ఉండదు.

"అమ్మాయ్, నీతో ఒక మాట. నువ్వు భయపడలేదు."

"ఏంటి?"

"ఆ రోజు చుక్క పన్నెండు దగ్గర లేదు. పదమూడు దగ్గర ఉంది. నేనే పెట్టాను. ఫుట్‌బాల్ గుర్తు మీదే రంగు పోశాను."

ఆమె ముందు నవ్వబోయింది. తరవాత లెక్కల మేడం కదా, కళ్ళు పెద్ద మైదానం వైపు తిరిగాయి, పది, మూడు కూడుకోవడం అతనికి కనిపించింది.

"పీట్రీ మాస్టారు మీకు చెప్పలేదా?"

"కాగితం ఇచ్చాడు."

"మరి?"

"విప్పలేదు."

"తీరిక లేకా?"

అవునంటే సరిపోయేది. లైల్ టోపీ అంచు తిప్పుతూ, "తీరిక ఉంది. ఆడపిల్లల సాకరేగా అనుకున్నాను," అన్నాడు. "నీ కాలికి నిద్రొచ్చిందన్నదీ నేనే. మొదట అన్నది."

నొయేమీ బంతుల సంచి మీద కూర్చుంది. దూరంగా గడ్డి మీద నీళ్ళ గొట్టం చిమ్ముతున్న చప్పుడు.

"మా నాన్న గడ్డి మీద నడిచాడు, గుర్తుందా?" అంది.

"గుర్తుంది."

"మీరు అరిచారు. అందరూ చూశారు. నాకెంత సిగ్గేసిందో. మీ వల్ల కాదు, మా నాన్న వల్ల." "కారెక్కాక చెప్పాడు, అది పదమూడు తల్లీ, రెండుసార్లు లెక్కపెట్టాను అని. చర్చి వెనక నాకు రోజూ కొలిచి పెట్టేది ఆయనే. నేనేమన్నానో మీకు చెప్పను. కానీ ఆ తరవాత నా ఒక్క ఆటకీ ఆయన లోపలికి రాలేదు. కాలేజీలో ఆడినా, ఇప్పుడు ఇక్కడైనా, వస్తాడు. కంచె అవతలే నిలబడతాడు. తననెవరైనా చూస్తే నాకు నామోషీ అని."

 లైల్ తన తప్పు ఒక బంతి దగ్గర ఆగిందనుకున్నాడు. అది ఆ ఇంట్లోకి వెళ్ళి పన్నెండేళ్ళు కూర్చుందని అతనికి తెలీదు.

మైకులో పేరు పిలవొద్దని వాళ్ళకి చెబుతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. పిలవనివ్వండి, వచ్చి నిలబడండి. నాకు చెప్పారు, సరే. మా నాన్నకి చెప్పండి. నేను చెప్పాల్సింది నేను చెప్పుకుంటాను. మీది మీరు చెప్పండి."

మర్నాడు సెలెస్తీనో డ్యూటీ దిగే వేళకి లైల్ వాళ్ళింటికి వెళ్ళాడు. ఫ్యాక్టరీ రోడ్డులో చిన్న చెక్క ఇల్లు. సెలెస్తీనో పెరట్లో పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతున్నాడు. జుట్టు నెరిసింది. లైల్ గేటు బయటే నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగాడు. సెలెస్తీనో చేత్తో రమ్మన్నాడు. కూతురు ముందే చెప్పిందో లేదో ముఖంలో తెలియలేదు.

లైల్ మొత్తం చెప్పాడు. కాగితం సంగతి, బల్ల కాలి సంగతి, హోటల్లో అన్న మాట. గడ్డి మీంచి దిగమన్న దగ్గర ఆగిపోయి, మళ్ళీ చెప్పాడు. సెలెస్తీనో మధ్యలో ఒక రొట్టె మాడిపోనిచ్చాడు.

"పదమూడా?" అన్నాడు చివరికి.

"పదమూడు. టేపుతో కొలిచాను."

"నేను గజానికో అడుగు వేసి కొలిచాను," అన్నాడు సెలెస్తీనో. మాడిన రొట్టెని పక్కన పెట్టాడు. "అందరూ కాదన్నారు. నా కూతురు కూడా. నాకు చదువు లేదు కదా. కొన్నాళ్ళకి నాకే అనిపించింది, నాకు లెక్క రాదేమోనని. ఇప్పటికీ ఫ్యాక్టరీలో గుడ్ల అట్టలు లెక్కపెడితే ఇంకోసారి లెక్కపెడతాను."

క్షమించమని అడగాలని లైల్ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఆ మాట విన్నాక అడగడం మానుకున్నాడు. అడిగితే ఆ మనిషి మర్యాదకి సరేనంటాడు. అది ఇంకా సిగ్గు.

"రేపు పొద్దున కొత్త మైదానంలో చుక్క పెట్టాలి," అన్నాడు. "టేపు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలి. వస్తారా?"

సెలెస్తీనో రొట్టె తిప్పాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

పొద్దున లైల్ వచ్చేసరికి సెలెస్తీనో కంచె అవతల నిలబడి ఉన్నాడు. లైల్ గేటు తీసి, పక్కకి జరిగాడు. సెలెస్తీనో కొత్త గడ్డి మీద అడుగు పెట్టే ముందు బూట్లు దులుపుకున్నాడు. అది చూసి లైల్ తల తిప్పుకున్నాడు.

టేపు కొస సెలెస్తీనో గోల్ గీత మీద నొక్కి పట్టాడు. లైల్ లాక్కుంటూ వెళ్ళి పన్నెండు దగ్గర మోకాలి మీద వంగాడు.

"బిగించు," అన్నాడు సెలెస్తీనో. "సడలింది."

లైల్ బిగించాడు. సెలెస్తీనో చూసి తలూపాక గుండ్రంగా రంగు పోశాడు. అటువైపు గోల్ దగ్గరా అంతే.

శనివారం మధ్యాహ్నం ఊరంతా వచ్చింది. డచ్ ఎండలో కూడా కండువా వేసుకొచ్చాడు. ఆర్లీన్ మొదటి వరసలో కూర్చుంది. మైకులో లైల్ పేరు పిలిచారు, ముప్పై నాలుగేళ్ళన్నారు, ఈ ఆటకి మొదటి గీతలు గీసిన మనిషన్నారు. మెట్ల మీద వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లైల్ మధ్య వలయంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నొయేమీ కూడా కొట్టింది, నాలుగైదు సార్లు. ఆమె కళ్ళు అతని మీద లేవు. మైకు తీసుకుని చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. చెబితే ఊరు ఇంకా గట్టిగా చప్పట్లు కొడుతుంది, ఎంత నిజాయితీపరుడని. అందుకే ఊరుకున్నాడు.

అప్పుడు గేటు వైపు కదలిక కనిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సెలెస్తీనో లోపలికొచ్చాడు. ఎవరినీ అడగలేదు. గోల్ గీత దగ్గర మడమ ఆనించి, జనమంతా చూస్తుండగా, పెదాలు కదుపుతూ పొడుగు అడుగులు వేశాడు. మెట్ల మీద ఎవరో నవ్వారు. ఎవరాయన, అని ఎవరో అడిగారు.

"మా నాన్న," అంది నొయేమీ, మైకు అక్కర్లేనంత గట్టిగా.

సెలెస్తీనో పన్నెండో అడుగు చుక్క మీద పడింది. అక్కడ కాసేపు నిలబడ్డాడు. తరవాత వెనక్కి వెళ్ళి, మొదటి నుంచి ఇంకోసారి లెక్కపెట్టడం మొదలెట్టాడు.

లైల్ తన బూట్ల వైపు చూసుకుంటూ, ఆ అడుగులు పూర్తయ్యేదాకా అక్కణ్ణించి కదల్లేదు.